యజమాని పేరు

"ఆడిదానివి, నిన్నెవలేమంటరు? నువ్వు పొయ్యిరారాదూ!" అన్నాడు మా ఆయన, నేను పెనం మీద మక్కరొట్టె తిప్పుతుండగా. ఏదో దుకాణానికి పంపుతున్నాడనుకున్నాను. రొట్టె దించేసరికి అర్థమైంది, తన డ్యూటీకి పంపుతున్నాడని.

అది తొంభై ఒకటో సంవత్సరం. ఊళ్లలో కొత్తగా ఏయే వ్యాపారాలు మొదలయ్యాయో లెక్క రాయమని సర్కారు ఆర్డరు వేసింది. ఏం వ్యాపారం, ఎప్పుడు పెట్టారు, యజమాని ఎవరు అని అడిగి రాయాలి. జగిత్యాలలో ఆ పని బడి పంతుళ్లకు పంచారు. మా ఆయన పరశురాములుకు బుగ్గారం వైపు ఊళ్లు పడ్డాయి. ఆ వైపు పగలు పోలీసులు, చీకటి పడితే అన్నలు, అదే నక్సలైట్లు. కొత్త మనిషి కాగితాలు పట్టుకుని ప్రశ్నలడిగితే ఇద్దరికీ అనుమానమే. ఆయన భయం అబద్ధం కాదు. కానీ అంత భయమూ నా దగ్గరికి వచ్చేసరికి 'ఆడిదానివి' అనే ఒక్క మాటతో ఎట్లా మాయమైందో నాకు వింతగా అనిపించింది.

"ఇంటరు సదివింది గద, గిట్లనన్న అక్కెరకొస్తది" అంది మా అత్త మొగిలవ్వ. "వండిపెట్టి పొమ్మను మల్ల."

వండిపెట్టే పోయాను.

మొదట్లో ఏ ఇంటి ముందు నిలబడి "వ్యాపారమేమన్న ఉన్నదా?" అని అడిగినా "మాకేం యాపారమమ్మా, కైకిలి, కూలి చేసుకునేటోళ్లం" అనేవారు. ఆ మాట అంటున్నావిడ వెనకే మోదుగాకు ఇస్తార్లు మోకాలెత్తు కట్టలు కట్టి ఉండేవి. నేను ప్రశ్న మార్చాను. "ఇస్తార్లు కుట్టుడు ఎప్పటి సంది వెట్టుకున్నవక్కా?" అన్నాను. అంతే, ఆమె పీట వేసింది. పెళ్లిళ్ల వాళ్లు కొంటారని మొదట తనకెట్లా తోచిందో, మొదటి కట్ట నెత్తిన పెట్టుకుని ఎవరింటికి పోయిందో చెప్పుకుంటూ పోయింది. పక్క గల్లీలో జాకెట్లు కుట్టే నర్సక్కను, మిషన్ ఎందుకు కొన్నావని అడిగితే సిగ్గుపడి "నాకు గా చప్పుడంటే ఇష్టం" అంది. ఇంటికి వచ్చాక అంట్లు తోముతూ కూడా ఆ మాటే తలచుకున్నాను. ఒక పని ఎక్కడ మొదలవుతుంది? చేతిలోనా, ఆకలిలోనా, ఇట్లా ఒక చప్పుడు మీది ఇష్టంలోనా? అత్త పిలుస్తున్నా వినపడేది కాదు. రేపు ఎవరింట్లో ఏం మొదలై ఉంటుందో చూడాలని తెల్లారకముందే మెలకువ వచ్చేది. పెళ్లయ్యాక అట్లా లేవడం అదే మొదలు.

శంకరవ్వ హోటలు బస్సులాగే చోట, టార్పాలిన్ పందిరి కింద ఉంది. చాయ, మిర్చి బజ్జీలు.

"ఓనరెవలక్కా?" అన్నాను.

"గీడ నేనుగాక ఇంకెవలన్న కనవడుతున్నరా?" అని నవ్వింది. తర్వాత కడాయి కింద మంట తగ్గించి మెల్లగా చెప్పింది. పెనిమిటి గీత కార్మికుడట. రెండేండ్ల కింద అన్నలలో కలిసి అడవికి పోయాడట. "ఆయన పోయినంక ఇంట్ల కల్లు బందైంది. నాకు తాటిచెట్టెక్కరాదు. మిర్చి ఎయ్యొస్తది. గంతే." నేను రాస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. "నా పేరే రాయి బిడ్డా. ఆయన పేరు మాత్రం యాడ రాయకు. గా పేరు దొరికితే పోలీసోళ్లు నన్ను బతుకనియ్యరు."

పేరు నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. యజమాని అన్నచోట శంకరవ్వ అని రాశాను.

కాగితాలన్నీ ముందేసుకుని మా ఆయన తన చేతిరాతతో మళ్లీ రాశాడు. ఇస్తార్లు కొట్టేశాడు. నర్సక్క మిషన్ కొట్టేశాడు.

"ఇవి యాపారాలానే? ఆడోళ్లు ఊకుండలేక చేసేటియి."

"నేను చూసొచ్చిన."

"చూసింది నువ్వే. సంతకం నాది" అన్నాడు. చాయ గ్లాసు అందుకుని మళ్లీ రాతలో పడ్డాడు.

కొన్నాళ్లకు నర్సక్క జగిత్యాల అంగడికి వచ్చి, నన్ను వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చింది. గడప దాటకుండానే చెప్పింది. శంకరవ్వను పోలీసులు పట్టుకుపోయారు. కొత్త దుకాణాల లెక్క ఎట్లాగో స్టేషన్‌కు చేరింది. అందులో హోటలు యజమాని ఐలయ్య అని ఆమె పెనిమిటి పేరు ఉంది. 'నీ మొగడు ఈడనే హోటల్ నడుపుతున్నడని సర్కారు కాయిదమే చెప్తుంది, ఏడ దాసినవ్?' అని కొడుతున్నారట.

మా ఆయన బడి నుంచి వచ్చీ రాగానే అడిగాను.

"ఆడోళ్ల పేరు మీద హోటల్ ఉంటదా? ఓటర్ల లిస్టుల చూసి ఇంటాయన పేరు రాసిన. వాడు నక్సలైటని నాకేమెరుక?"

"నడువు, తప్పు రాసినమని చెప్దాం."

"చెప్తే? నేను ఊళ్లె అడుగువెట్టలేదని ఎరుకైతది. నౌకరి పోతది. రెండ్రోజులైతే వాళ్లే ఇడిసిపెడ్తరు."

"ఎవతో శంకరవ్వ కోసం మొగని కడుపు కొడ్తవా?" అంది అత్త.

నేను వాకిట్లో కూర్చున్నాను. అప్పుడు నాకు కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ. ఆమె పేరు కాగితం మీద కనపడుతూనే ఉంది. దాన్ని వదిలి, ఎన్నడూ చూడని మగవాణ్ని లిస్టులో వెతికి మరీ తెచ్చి కూర్చోబెట్టాడు ఈయన. వెతికే ఓపిక ఉంది, నన్ను అడిగే ఓపిక లేదు. అందులో పగ లేదు, దుర్మార్గం లేదు, చెయ్యి తడబడలేదు. చెడ్డవాడైతే నాకు పని తేలికయ్యేది. ఈయన రోజూ నా పక్కన కూర్చుని అన్నం తినే మామూలు మనిషి. ఈ మామూలుతనానికే అక్కడ ఒకామె దెబ్బలు తింటోంది. తెల్లారి చీర మార్చుకుని మండలాఫీసుకు నడిచాను.

లెక్కల పని చూసే మొండయ్య సార్ నన్ను పైనుంచి కిందికి చూశారు. "పరశురాములు సార్ పంపిండా?"

"లేదు సార్, నేనే వచ్చిన. ఆ ఊళ్లు తిరిగింది నేను. హోటల్ శంకరవ్వది. మా ఆయన మార్చి రాసిండు."

"గీ మాట రాసిస్తరా? మీ ఆయనకు మెమో వస్తది."

"రాసిస్త." కాగితం అడిగి తీసుకుని రాశాను.

ఆయనా భయపడుతూనే నా వెంట స్టేషన్‌కు వచ్చారు. శంకరవ్వ వరండాలో గోడకు ఆనుకుని ఉంది. ఒక చెంప వాచింది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. నేనే రాశాననుకుంది. ఎందుకనుకోదు?

ఎస్సై కాగితం చదివి కళ్లెత్తాడు. "లేని మొగని పేరు ఊకెనే రాస్తరా?"

"ఊకెనే రాస్తరు సార్" అన్నాను. "అన్ని కాయిదాలల్ల గట్లనే రాస్తరు."

ఎస్సై కాగితం మడిచి ఫైల్లో పెట్టాడు. నమ్మాడో, సర్కారు మనిషి ఎదురుగా ఉన్నాడని ఆగాడో తెలియదు. పొద్దుగూకకముందే ఆమెను వదిలారు. బస్సు దగ్గర శంకరవ్వ నాకు దండం పెట్టలేదు. "మల్ల రాసిన్రా నా పేరు?" అని మాత్రం మొండయ్య సార్‌ను అడిగింది. దిద్దించానన్నారు. మిషన్ ఉన్న నర్సక్కను కూడా, ఇస్తార్ల ఆమెను కూడా రాయించానని నేను చెప్పాను. "మంచిది" అని బస్సెక్కింది.

మా ఆయన నౌకరి పోలేదు. మెమో వచ్చింది, ఇంక్రిమెంటు ఆగింది. నాతో మాటలు మానేశాడు. ఆ మౌనానికి ఏడుస్తాననుకున్నాను. ఏడవలేదు. ఆయనకు నచ్చేలా కూర్చుకునే మాటలు పోయాక, నా తలలో ఎంత జాగా ఉందో తెలిసింది.

అట్లా ఉండగా మొండయ్య సార్ కబురు పంపారు. సిరిసిల్లలో మగ్గాల ఇళ్లలోకి పోయి, కండెలు చుట్టే ఆడవాళ్లను అడిగి రాసేవాళ్లు దొరకడం లేదట. ఆర్డరు నా పేరు మీదే ఇప్పించారు. తెల్లారి నేను సంచి సర్దుకుంటుంటే మా ఆయన తలుపు దగ్గర నిలబడ్డాడు. చాలా రోజుల తర్వాత నోరు విప్పాడు.

"మరి వంట?"

"బియ్యం డబ్బల ఉన్నయి" అన్నాను, చెప్పులేసుకుంటూ.