జాగో బొమ్మకు కోటు

మా పొయ్యిమీది గోడకు వేలాడే బొమ్మలో నౌకాదళం కోటు తొడుక్కున్నవాడు మా అన్న జాగో. ముఖం వాడిదే. భుజాలు మాత్రం వాడివి కావు.

ఆ రోజుల్లో మా ఫాల్మౌత్ రేవులో ఓడెక్కే అధికారులకు తీరిక ఎక్కడిది? ముఖం గీయించుకునేంతసేపు చిత్రకారుడి ముందు కూర్చుని, మంచి కోటు అక్కడే వదిలి వెళ్ళిపోయేవారు. ఆయన దాన్ని కొయ్యబొమ్మకు తొడిగి మిగతాది పూర్తిచేసేవాడు. జాగో కూడా అలాగే వెళ్ళాడు. కానీ మా అమ్మ ఆ కోటును ఇంటికి తెచ్చేసింది.

"నా కొడుకు కెప్టెనై వస్తాడు. అప్పుడు బంగారు జరీ కోటే వేద్దురుగాని," అంది.

అలా ముఖం కింద ఉత్త సుద్దగీతలతోనే బొమ్మ గోడకెక్కింది.

ఓడ తుఫానులో మునిగిందని కబురొచ్చింది. ఒక్క శవమూ ఒడ్డుకు చేరలేదు. అమ్మ నమ్మలేదు. చావుకు కట్టే నల్లబట్టలు కట్టలేదు. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే, పురుగు పట్టకుండా ఆ కోటును ఎండలో వేసేది. బొమ్మ పూర్తయితే కొడుకు పోయినట్టేనని ఆమె భయం.

నా కూతురు లవ్‌డేకి మాటలొచ్చాక, ఒక మధ్యాహ్నం అమ్మ చేపలు కోస్తుంటే అడిగింది.

"అమ్మమ్మా, మామయ్యకి ఒళ్ళేదీ?"

"వస్తుందే. ఓడలో వస్తోంది."

"మరి తల ముందే వచ్చేసిందా?"

నాకు నవ్వాగలేదు. అమ్మ నవ్వలేదు. కత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకుని బొమ్మ వైపు తిరిగింది.

"సముద్రం ఎలాగూ వాడి ఒళ్ళు ఇవ్వలేదు," అంది. "మనమైనా ఇవ్వద్దూ?"

కోటు తీసుకుని చిత్రకారుడు లస్కమ్‌గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన దాన్ని కొయ్యబొమ్మకు తొడగబోతే అమ్మ లాక్కుంది.

"నా బిడ్డ కోటు చెక్కకి తొడుగుతారా?"

"మరి ఎవరికి తొడగమంటారమ్మా?"

అమ్మ శాలువా తీసి తనే తొడుక్కుంది. పొడుగు చేతులు ఆమె వేళ్ళను మింగేశాయి.

"జరీ పెట్టేదా? కాదనేవాళ్ళెవరు?" అన్నాడాయన.

"నేనున్నాగా. వాడు సంపాదించుకోనిది వాడికొద్దు. కోటుకున్న తెల్ల అంచులే వెయ్యండి."

"కాస్త నిటారుగా కూర్చోండమ్మా. అధికారి కదా!"

"ఇంతమందిని కని, మీరు కూర్చోండి నిటారుగా, చూస్తాను. ఉన్నదున్నట్టు వెయ్యండి."

ఆయన ఉన్నదున్నట్టే వేశాడు. అందుకే బొమ్మలో మా అన్న భుజాలు అలా వాలి ఉంటాయి.

బొమ్మ ఇంటికొచ్చిన ఆదివారం అమ్మ కోటు ఎండలో వేయలేదు. పెట్టె అడుగు నుంచి నల్లబట్టలు తీసి కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని చర్చికి నడిచింది.