సహాయకుల సంఖ్య: సున్నా

ఈ కుర్చీ మీద ముప్పై కిలోలకు మించి బరువు పెట్టరాదు అని వెనకాల అచ్చేసి మరీ ఉంది, తను దానికి సరిగ్గా రెట్టింపు కాదు గానీ ఆ చుట్టుపక్కలే, మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా కప్పబొమ్మ వేసిన పసుపు కుర్చీలో ఇరుక్కుని కూర్చుని, ఇది గనక విరిగితే ఏ పద్దు కిందికి వస్తుంది, ఆస్తి నష్టమా, బయటివారికి గాయమా అని ఆలోచిస్తోంది, ఎందుకంటే ఇంకో పావుగంటలో రాబోయే ఇన్సూరెన్స్ సర్వేయర్ గురించి ఆలోచించడం కంటే కుర్చీ గురించి ఆలోచించడం తేలిక, ఎదురుగా నేల మీద పిన్ని డే కేరులోని తొమ్మిదిమంది పిల్లలకు అరటిపళ్ళు ఒలిచి పెడుతోంది, కాదు, ఎనిమిదిమందికి, తొమ్మిదోది వాళ్ళింట్లో ఉంది, కుడిచేతి ఉంగరపు వేలికి కుట్లతో, ఏం చెప్పినా ఎందుకు అని అడుగుతుందని పిన్ని ఎందుకమ్మ అని పేరు పెట్టిన మూడేళ్ళ పిల్ల, నిన్న ఆ పిల్ల తల్లి ఫోన్ చేసి, మళ్ళీ ఆపరేషన్ అంటున్నారండీ, ఇన్సూరెన్సు వాళ్ళు ఇంకా ఏమీ తేల్చరేం, ఎందుకంటారు అని అడిగిందట, అచ్చం కూతురి పోలికే, ఆ ఎందుకుకి జవాబు ఈ ఇంట్లో ఒక్కరికే తెలుసు, ఆ ఒక్కరూ ప్రస్తుతం కప్పబొమ్మ మీద కూర్చుని ఉన్నారు.

తలుపు గాలికే పడింది, అందులో ఎవరి తప్పూ లేదు, పోయిన మంగళవారం చేతులు కడిగించడానికి పిల్లల్ని వరసగా తీసుకెళ్తోంది జోజో, జోజో అంటే పిన్ని దగ్గర పదకొండేళ్ళుగా పనిచేస్తున్న ఆవిడ, పిల్లల్ని పడుకోబెడుతూ జోజో జోజో అంటూ ఉంటుంది కాబట్టి ఆవిడ అసలు పేరు తల్లిదండ్రులు కూడా మర్చిపోయారు, పిన్ని వంటింట్లో పాలు వెచ్చబెడుతోంది, వరస చివర్లో ఉన్న ఎందుకమ్మ తలుపు బందుల దగ్గర సందులో వేలు పెట్టి చూసింది, సరిగ్గా అప్పుడే కిటికీలోంచి గాలి కొట్టింది, అంతే, జోజో పిల్లను చంకనేసుకుని చెప్పులు కూడా లేకుండా మూడు వీధులు పరిగెత్తి క్లినిక్కు చేరిందట, ముందు పిల్ల వేలికి కట్టు కట్టాలో జోజో కాళ్ళకు కట్టాలో తెలియక డాక్టర్ ఒక్క క్షణం తడబడ్డాడట, ఈ కథంతా పిన్ని తనకు ఫోన్లో ఏడుస్తూ చెప్పి, చివర్లో ముక్కు చీది, పోన్లేవే, పాలసీ ఉంది కదా, దేవుడిలా నువ్వున్నావు కదా అంది, ఆ మాట విన్నప్పుడు తను ఆఫీసు లిఫ్టులో ఉంది, లిఫ్టు ఆగింది, తలుపులు తెరుచుకుని మూసుకున్నాయి, తను దిగలేదు.

ఎందుకంటే ఆర్నెల్ల కిందట ఇదే గదిలో పిన్ని కవర్లోని కాగితాలన్నీ తన ఒళ్ళో కుమ్మరించి, ఒసే, నువ్వు పుట్టిందే కంప్యూటర్ కడుపులో కదా, ఈ రెన్యువల్ ఏదో కొట్టి పారెయ్, ఇది లేకపోతే లైసెన్సు ఇవ్వరు, లైసెన్సు లేకపోతే ఈ దుకాణం మూసుకోవడమే అంటే, తను నవ్వుతూ ల్యాప్‌టాప్ తెరిచింది, తెరవడానికి గర్వంగా కూడా ఉంది, ఇన్సూరెన్స్ కంపెనీలో ఆ ఫారం తయారుచేసిన టీమ్‌లో తనూ ఒకతె మరి, వంటమనిషి తన హోటల్లోనే భోంచేసినట్టు, పిల్లలెందరు, తొమ్మిది, గదులెన్ని, రెండు, సహాయకుల సంఖ్య, ఒకటి, ఒకటి అనగానే ఆ సహాయకుల పోలీసు ధ్రువపత్రం ఫోటో ఎక్కించండి అంటుంది ఫారం, జోజో ధ్రువపత్రాన్ని పిన్ని ముచ్చటగా లామినేషన్ చేయించి పెట్టింది, తను ఫోన్‌తో ఫోటో తీసి ఎక్కించింది, చక్రం తిరిగింది, తిరుగుతూనే ఉంది, ఆ చక్రం ఆగదని ప్రపంచంలో అందరికంటే ముందు తనకే తెలుసు, ఫోటో పెద్దదైతే పేజీ చచ్చిపోతుందని మూడు వారాల ముందే ఫిర్యాదు వచ్చింది, అది తన పేరు మీదే ఉంది, తనే దానికి తక్కువ ప్రాధాన్యం అని ముద్ర కొట్టి పక్కన పడేసింది, శుక్రవారం డెమో ఉంది, బటన్లు గుండ్రంగా ఉండాలా పలకలుగా ఉండాలా అన్నది అంతకంటే పెద్ద సమస్య అప్పట్లో, అందుకని ఒకటి చెరిపి సున్నా కొట్టింది, సున్నా కొడితే ఫోటో అడగదు, చక్రం తిరగదు, పేజీ చెప్పిన మాట వినే పిల్లలా ముందుకు వెళ్ళిపోయింది, తర్వాత మారుద్దాంలే అనుకుంది, అయిపోయింది పిన్నీ, గుండె మీద చెయ్యేసుకుని పడుకో అంది, పిన్ని మురిసిపోయి తనకూ ఒక అరటిపండు ఒలిచి పెట్టింది, పేరు నమోదు కాని వ్యక్తి సంరక్షణలో ఉండగా జరిగిన గాయానికి ఈ పాలసీ వర్తించదు అన్న వాక్యాన్ని పేజీలో చోటు చాలక ఒక చిన్న గుండ్రటి గుర్తు వెనక దాచిందీ తనే, ఆ గుర్తును ఇప్పటిదాకా ఎవరూ నొక్కి చూడలేదని కూడా లెక్కలు చెబుతాయి.

ఇవాళ పొద్దున చేసింది అంతకంటే ఘోరం, వచ్చీ రాగానే పిన్నిని గుమ్మం పక్కకు లాగి, సిస్టమ్‌లో జోజో పేరు ఎక్కలేదు పిన్నీ, ఏదో టెక్నికల్ సమస్య, తలుపు దగ్గర నువ్వే ఉన్నానని చెప్పు, జోజో పక్కింటావిడ, ఊరికే చూసి పోదామని వచ్చిందను అంది, ఏదో టెక్నికల్ సమస్య అంటుంటే నాలుక కూడా తడబడలేదు, చదువుకున్న చదువంతా ఆ ఒక్క ముక్కకే పనికొచ్చినట్టు, పిన్ని తన మొహంలోకి కాస్త ఎక్కువసేపు చూసి, సరే తల్లీ అంది, ఇంకేమీ అడగలేదు, జోజో అయితే అసలు అడగనే లేదు, నేను లేనంటే లేనమ్మడూ, ఆ పిల్లకి వైద్యం జరిగితే చాలు, మనలాంటోళ్ళ పేర్లు ఆ మిషన్లు పట్టవేమోలే అంది, మిషన్ పట్టకపోవడమేమిటి, పట్టనివ్వనిది ఎవరో ఎదురుగానే ఉంది కదా, తను తల వంచుకుని ఫోన్ చూసుకుంది, ఫోన్లో ఏమీ లేదు, ఇప్పుడు జోజో వంటింట్లో చుట్టంలా ముక్కాలి పీట మీద ముడుచుకుని కూర్చుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పదకొండేళ్ళలో ఈ ఇంట్లో ఆవిడ చేతులు ఊరికే ఉండటం ఇదే మొదటిసారేమో, పిల్లలొకరొకరే వెళ్ళి కొంగు లాగుతున్నారు, నేను మీ జోజోను కాదు నాన్నా, ఇవాళ్టికి కాదు, పోయి ఆడుకోండి అంటోంది, ఆ మాట గోడ దాటి వచ్చి తన చెవిలో పడుతోంది, చెవులకు మూతలు లేకుండా చేసినవాడెవడో వాడు కూడా ఆ పనికి తక్కువ ప్రాధాన్యం అని ముద్ర కొట్టి పక్కన పడేసినట్టున్నాడు.

సర్వేయర్ భారీ మనిషి, బూట్లు విప్పి లోపలికొచ్చి, పెద్ద కుర్చీ తెస్తానన్నా వినకుండా ఏనుగుబొమ్మ కుర్చీలో కూర్చున్నాడు, ఫర్వాలేదమ్మా, మా ఉద్యోగంలో నిచ్చెన మీద కూడా కూర్చుని రాసుకున్నాను అన్నాడు, మంచివాడిలా ఉన్నాడు, చెడ్డవాడైతే బాగుండేది, చెప్పండి మేడమ్, ఆ సమయానికి పిల్లల దగ్గర ఎవరున్నారు, నేనేనండీ అంది పిన్ని, అబద్ధం చెప్పేటప్పుడు పిన్ని గొంతు ఫోన్లో తెలియనివాళ్ళతో మాట్లాడుతున్నట్టు సన్నబడిపోతుంది, ఎక్కడ నిలబడ్డారో చూపిస్తారా అంటే లేచి వెళ్ళి తలుపుకు అవతలి వైపు నిలబడింది, అక్కణ్ణుంచి బందులు కనిపించను కూడా కనిపించవు, ఆయన ఏదో రాసుకున్నాడు, సరిగ్గా అప్పుడే వంటింటి గుమ్మం మీద ఒక బుడతడు తట్టుకుని పడి కెవ్వుమన్నాడు, మనిషి ఆలోచించే లోపే చేతులు ఆలోచిస్తాయి కొందరికి, జోజో ఒక్క ఉదుటున వచ్చి వాణ్ణి భుజాన వేసుకుని జోజో జోజో అంటూ ఊగడం మొదలుపెట్టింది, మిగతా ఏడుగురూ ఆవిడ కాళ్ళకు చుట్టుకున్నారు, ఈవిడెవరు మేడమ్, పక్కింటావిడండీ, పక్కింటావిడంటే పిల్లలకు ఇంత చేరికా, అని ఆయన నవ్వాడు, జోజో నవ్వలేదు, పిన్ని వైపు చూసింది, తన వైపు చూసింది, నా వల్ల కాదండీ అంది, తలుపు దగ్గరున్నది నేనే సార్, ఆ పిల్ల వేలు నా కళ్ళముందే నలిగింది, లేనని ఎట్టా చెప్పను, ఇంకాస్త ముందు చెయ్యేసుంటే దొరికేది సార్ ఆ వేలు, అంటూ బుడతడి కంటే గట్టిగా ఏడ్చింది, బుడతడు ఆశ్చర్యపోయి ఏడుపు మానేశాడు.

ఆయన పెన్ను మూసి కాగితం తిరగేసి, మరి ఫారంలో సహాయకులు సున్నా అని ఉందే అన్నాడు, ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడే, నోరు తెరిస్తే చాలు, కానీ తను తెరిచేలోపే పిన్ని, తప్పు నాదే సార్, మతిమరుపు, ఆవిడ ధ్రువపత్రం ఈ పిల్లకు ఇవ్వడమే మర్చిపోయాను, పాపం అది నేనిచ్చిన కాగితాలు చూసి నింపింది, దానికేం తెలుసు అంది, గొంతు సన్నబడలేదు, మామూలుగానే ఉంది, పక్కకు వచ్చి నిలబడి తన భుజం మీద చెయ్యేసి గట్టిగా నొక్కింది, మాట్లాడకు అని, చిన్నప్పుడు తను పగలగొట్టిన గాజుగ్లాసును అమ్మ ముందు పిన్ని నేనే పగలగొట్టానని చెప్పినప్పుడు నొక్కినట్టే, అంటే తెలుసు, పిన్నికి తెలుసు, పొద్దున గుమ్మం దగ్గర ఎక్కువసేపు చూసిన ఆ చూపులోనే తెలిసిపోయింది, లామినేషన్ చేయించి మరీ చేతికిచ్చిన కాగితాన్ని ఇవ్వలేదంటోంది, తన ఉద్యోగం కోసం, డే కేరు మూతబడితే మూతబడనీ అని, సర్వేయర్ నిట్టూర్చాడు, ఏమనుకోకండమ్మా, మీరు కనీసం తప్పు ఒప్పుకున్నారు, ఈ నెలలో సున్నా కేసు మాకు ఇది మూడోది, ఖర్చు తగ్గుతుందని మనిషిని దాచేస్తారు, దెబ్బ తగిలాక ఏడుస్తారు, మొన్న ఇద్దరు ఆడవాళ్ళయితే, వేరువేరు చోట్ల వాళ్ళు, ఒకరి మొహం ఒకరికి తెలియదు, ఇద్దరూ ఒకటే కట్టుకథ, ఫోటో ఎక్కడం లేదని ఫోన్ చేస్తే హెల్ప్‌లైన్ వాళ్ళే చెప్పారట, ప్రస్తుతానికి సున్నా కొట్టండి, తర్వాత మార్చుకోవచ్చు అని, నమ్మేవాళ్ళుంటే చెప్పేవాళ్ళకేం, రెండు క్లెయిములూ కొట్టేశాం, ఒకావిడ అప్పుడే డే కేరు బోర్డు కూడా పీకేసింది.

ప్రస్తుతానికి సున్నా కొట్టండి, తర్వాత మార్చుకోవచ్చు, ఆ వాక్యం తనది, అక్షరం పొల్లు పోకుండా తనది, ఆ ఫిర్యాదు కింద, ఒక చేత్తో కాఫీ తాగుతూ ఇంకో చేత్తో టైపు చేసి, పక్కన కన్నుకొట్టే బొమ్మ ఒకటి పెట్టింది, హెల్ప్‌లైన్ పిల్లలు ఏం చెప్పాలో తోచనప్పుడు ఫిర్యాదు కింద రాసింది చదివి వినిపిస్తారని తెలుసు, తెలిసి కూడా ఎప్పుడూ తోచలేదు, చదివితే వినేవాళ్ళుంటారని, విన్నది చేసేవాళ్ళుంటారని, వాళ్ళ ఇళ్ళలోనూ కప్పబొమ్మ కుర్చీలుంటాయని, వాళ్ళ వంటింట్లోనూ ఎవరో ఒకావిడ ఉంటుందని, ఎనిమిది రోజులుగా తను మోస్తున్నది ఒక్క పిన్ని బరువే అనుకుంది, దానికే నడుము వంగినట్టు తిరిగింది, పిన్ని చెయ్యి ఇంకా భుజం నొక్కుతూనే ఉంది, వెచ్చగా, అరటిపండు జిగురుతో, ఆ చెయ్యి కింద ఎంతసేపైనా ఉండొచ్చు, ఎంత పెద్దదాన్నైనా దాచగల చెయ్యి అది, పిన్ని చెప్పిన అబద్ధాన్ని ఈయన నమ్మాడు, జాలిపడ్డాడు కూడా, ఆ ఇద్దరూ ఉన్నదున్నట్టు చెబితే కట్టుకథ అన్నాడు, ఈపాటికి వాళ్ళకే అనుమానం వచ్చి ఉంటుంది, నిజంగానే ఫోన్లో అలా విన్నామా లేక మనమే కల్పించుకున్నామా అని, తను మెల్లగా ఆ చేతిని భుజం మీంచి తీసి పక్కన పెట్టింది, లేవబోతే కుర్చీ కూడా ఒంటికి పట్టుకుని లేచింది, ఎవరూ నవ్వలేదు, సార్, ఒక్క నిమిషం అంది, ఆయన తలెత్తి చూశాడు, పిన్ని వద్దన్నట్టు తలూపుతోంది, తనకు మాత్రం ఒక్కటే కనిపిస్తోంది, మొహాలు కూడా తెలియని ఆ ఇద్దరాడవాళ్ళు చెప్పింది నిజమని చెప్పగలిగిన మనిషి ఈ భూమ్మీద తనొక్కతే, తను నోరు విప్పనన్నాళ్ళూ వాళ్ళు అబద్ధాలకోరులుగానే బతకాలి.