ఇక్కడ ఆగండి

నూకరత్నం గంజి పెట్టిన ఖద్దరు చొక్కా మీద నీళ్ళు చిలకరించి ఇస్త్రీ చేస్తోంది. ఎదురుగా బనీనుతో నిలబడి శ్రీరామ్మూర్తి సాయంత్రం మీటింగుకి ఉపన్యాసం వల్లె వేస్తున్నాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఇదే పద్ధతి. మాటలు ఆవిడ అందించాలి, ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో చెప్పాలి. చప్పట్లు మాత్రం ఆయనవి. ఎవరైనా ఇంటికొస్తే, "దానికేటి తెల్సు, వొంటిల్లు తప్ప!" అని నవ్వుతాడు.

పోయిన ఎన్నికల్లో ఆయన్ని కార్పొరేటర్ని చేసింది అత్తగారి కథే. "బర్మాలో యుద్ధమొచ్చి, రంగం నుంచి కాందిశీకుల ఓడ ఎక్కేటప్పుడు మా అత్త పాపాయమ్మ మెడలో పుస్తెలు కూడా దొంగలు తెంపేసుకున్నారు. పసుపుకొమ్ము కట్టుకుని, చంటిపిల్లతో ఈ రేవులో దిగింది." ఇక్కడ ఆగండి, అని నేర్పింది ఆనాటి చంటిపిల్ల నూకరత్నమే. ఆయన ఆగాడు. జనం గొల్లున ఏడ్చారు. స్టేజీ మీద కుర్చీలో కూర్చోబెట్టిన పాపాయమ్మ మాత్రం ఏడవలేదు. ఇంటికొచ్చాక, "నా మెడ కత సెప్పేముందు నన్నో మాట అడగొద్దేటే?" అంది. నూకరత్నం ఆ మాట మర్చిపోలేదు.

ఇప్పుడు గాలి మళ్ళింది. శ్రీలంకలో యుద్ధం తప్పించుకుని పడవలో వచ్చిన కొన్ని కుటుంబాల్ని హార్బర్ దగ్గర షెడ్డులో ఉంచారు.

"ఉక్కు ఫ్యాక్టరీకి బూములిచ్చినోళ్ళకే ఉద్యోగాల్లేవు, ఈళ్ళకి కూడెక్కడిది? తరిమేయండి!" అని శ్రీరామ్మూర్తి పెళ్ళాం వైపు చూశాడు. "జనానికి రక్తం మరగాల. అప్పుడు ఏడిపించినావు కదా, అలాటి మాటొకటియ్యి."

భూములు పోయినవాళ్ళ కోపం అబద్ధం కాదు. కానీ ఆ షెడ్డులో పిల్లల్ని జోకొడుతున్న ఆడవాళ్ళా ఆ భూములు తీసుకున్నది? ఏడిపించడం, మండించడం తనకు కూరలో ఉప్పూ కారం వేసినంత తేలిక. ఎవరి విస్తట్లో పడుతోందో ఇన్నేళ్ళలో ఎప్పుడైనా చూసిందా? నూకరత్నానికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"మరి మాయమ్మ?"

"మీయమ్మ ఏరు, మన మనిషి. ఆవిడ్నీ స్టేజీ మీద కూకోబెడదాం. కాందిశీకురాలే తరిమేయమంటే ఇంకెవుడు నోరెత్తుతాడు?"

గుమ్మం దగ్గర బియ్యం ఏరుతున్న పాపాయమ్మ చేతులు ఆగిపోయాయి. అది చూసి నూకరత్నం ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేసింది. చొక్కా చెయ్యి ఒకటి ఇంకా ముడతలతోనే ఉంది.

"అమ్మా నానూ వత్తాం," అంది. "స్టేజీ మీదకి కాదు. జనంలో, ముందు వరసలో కూకుంటాం. మాట నాను ఇవ్వను. తరిమేయండని మీరే అనండి."

చొక్కా ఆయన చేతిలో పెట్టింది.

"అన్నాక, అక్కడ ఆగండి. ఆగి, మాయమ్మ మొహంకేసి చూడండి."