కుర్చీతో సహా

పొద్దున్న ఎనిమిదింటికి రేడియోలో పాత పాటలు మొదలవుతాయి. ఎనిమిదీ అయిదుకల్లా మాస్టారు కుర్చీలోంచి జానెడు పైకి లేస్తారు. కోడలు సరిగ్గా ఆ సమయానికే చీపురు పట్టుకుని వస్తుంది. ఆయన కింద ఊడవడానికి రోజు మొత్తంలో దొరికే వీలు అదొక్కటే.

"మామయ్యా, ఇంకాస్త పైకి. ఆ మూల చెత్త ఉండిపోయింది."

"రెండో చరణం రానీవమ్మా. అది వస్తే ఇంకో బెత్తెడు లేస్తాను."

రెండో చరణం వస్తుంది, ఆయన లేస్తారు, ఆవిడ ఊడుస్తుంది. పాట అయిపోయాక మెల్లగా మళ్లీ ప్లాస్టిక్ కుర్చీలోకి దిగి, కాఫీ ఏదమ్మా అంటారు.

నచ్చిన పాట వింటే ఎవరి కాళ్లయినా నేల విడుస్తాయి. ఎంత నచ్చితే అంత ఎత్తు. పెళ్లి హాళ్లలో ఫ్యాన్లు అంత పైన బిగించేది అందుకే. ఎటొచ్చీ గొడవల్లా వయసుల దగ్గరే. బస్సు డ్రైవరు పాత పాట పెట్టాడనుకోండి, ముందు సీట్లలో పెద్దవాళ్లు హాయిగా తేలుతుంటారు, వెనక కుర్రాళ్లు సీట్లకి అతుక్కుపోయి ఆవలిస్తుంటారు. కొత్త పాట పెట్టాడా, కుర్రకారు తలలు టాపుకి టకటకా తగులుతాయి, పెద్దవాళ్లు సంచులు ఒళ్లో పెట్టుకుని "ఇదీ ఒక పాటేనా, డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు!" అని విసుక్కుంటారు. ఎవరి మాట వినాలో తెలీక డ్రైవరు వార్తలు పెట్టేస్తాడు. అప్పుడిక అందరూ బుద్ధిగా కూర్చుంటారు.

మాస్టారు ముప్పై ఏళ్లు స్కూల్లో వయొలిన్ నేర్పారు. ఊళ్లో ఆయన్ని కొలబద్ద మాస్టారు అంటారు. ఎవరు కొత్తగా పాట కట్టినా ముందు ఆయన ఎదురుగా పాడి వినిపించేవారు. ఆయన మడమలు లేస్తే పాట గట్టెక్కినట్టు. లేవకపోతే వచ్చినవాడు తిరుగుముఖం పట్టడమే. ఆ పేరంటే ఆయనకి గర్వం కూడా. "ఈ కాలం తరహా పాట ఒక్కటి కూడా నా కాలి బొటనవేలు కదపలేకపోయింది" అని మీటింగుల్లో చెప్పేవారు. జనం చప్పట్లు కొట్టేవారు.

అది పచ్చి అబద్ధం. ఆ సంగతి ఆయన ఒక్కరికే తెలుసు. మీక్కూడా చెప్పేస్తాను.

ఇరవై రెండేళ్ల కిందట ఒక సెలవురోజు కొడుకు గిటార్ పట్టుకుని హాల్లోకి వచ్చాడు. అప్పుడు వాడికి ఇరవై ఏళ్లు. మాస్టారితో పాటు పనిచేసేవాళ్లు ఇద్దరు ఇంటికొచ్చి కూర్చుని ఉన్నారు.

"నాన్నా, నేనో పాట కట్టాను. వింటారా?"

"ఊఁ, కానీ."

వాడు తీగలు మీటుతూ, గిటార్ పొట్ట మీద దరువు వేస్తూ, గొంతు చించుకుని పాడాడు. పల్లవి రెండోసారి వచ్చేసరికి మాస్టారి మడమలు లేచాయి. తాను జీవితంలో కట్టిన పాటలు పదకొండు. ఒక్కదానికైనా కట్టుకున్న భార్య కూడా వేలెడు లేవలేదు. అలాంటిది నిన్నగాక మొన్న పుట్టిన వెధవ, ఈ గోలతో, తోటివాళ్ల ముందు తనని లేపేస్తాడా! అంతే, రెండు పాదాలూ వెనక్కి ముడిచి కుర్చీ కాళ్లకి మెలేశారు. చేతులతో కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నారు. అప్పట్లో అది టేకు కుర్చీ, ఇద్దరు పడితే గానీ కదిలేది కాదు. పక్కనున్న మాస్టర్లలో ఒకాయన అప్పటికే అంగుళం లేచినవాడల్లా ఈయన మొహం చూసి, దగ్గి, మళ్లీ కుర్చీలోకి దిగిపోయాడు.

పాట అయ్యాక కొడుకు తండ్రి వైపు చూశాడు. మనిషి కూర్చున్నచోటే ఉన్నాడు.

"సరే నాన్నా" అన్నాడు. ఇంకేం అడగలేదు. గిటార్‌ని దుప్పట్లో చుట్టి అటకెక్కించాడు. మరుసటి నెలలో కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసే పనికి చేరాడు. పోనుపోను ఆ షాపు తనదే అయింది. పెళ్లయింది, కూతురు పుట్టింది. కానీ ఆ రోజు తర్వాత ఏ పాటకీ వాడి కాళ్లు నేల విడవలేదు, పాతదానికీ కొత్తదానికీ. బస్సంతా గాల్లో తేలుతున్నా తనొక్కడూ సీట్లో కూర్చుని పేపర్ చదువుకునేవాడు. కొందరి ఒళ్లు అంతేలే అనేశారు జనం.

మాస్టారికి మాత్రం కొత్త పాట వినబడితే చాలు, పాదాలు వాటంతటవే ఏదో ఒకటి వెతుక్కుని మెలిపడేవి. బస్సులో సీటు కింది కడ్డీ, భోజనాల దగ్గర బల్ల కాలు. మెలిపడుతున్నాయంటే లేవబోతున్నాయనేగా. ఇన్నేళ్లుగా ఎన్ని కొత్త పాటలు ఆయనకి నచ్చాయో లెక్కలేదు. ఒక్కటీ బయటికి చెప్పలేదు.

మనవరాలికి ఇప్పుడు పదిహేడు. అటక మీది గిటార్‌ని దింపి దుమ్ము దులుపుకుంది అదే. కంప్యూటర్‌కి తగిలించి రకరకాల చప్పుళ్లు పుట్టిస్తుంది. ఇల్లంతా కాళ్లకి అడ్డంపడే వైర్లే. సోమవారం సంగీతం కాలేజీలో చేరడానికి దానికి పరీక్ష. శనివారం భోజనాల దగ్గర కూర్చుని బాంబు పేల్చింది.

"రేపు తాతయ్య ముందు నా పాట వాయిస్తా. తాతయ్య లేస్తే సోమవారం వెళ్తా. లేవకపోతే మానేసి నాన్న షాపులో కూర్చుంటా. ఊరికే అనడం లేదు, నిజంగా."

"ఇదేం పందెమే తల్లీ? నీ డబడబలు మామయ్యగారికి ఎక్కడ నచ్చుతాయి?" అంది కోడలు.

"నచ్చకపోతే నచ్చలేదనే తెలుస్తుంది, మంచిదేగా" అన్నాడు కొడుకు, కూతురి కంచంలో అన్నం వడ్డిస్తూ. "తాతయ్య కాళ్లు అబద్ధం చెప్పవమ్మలూ. ఆ రోజు నా పాటకి ఆయన లేవలేదు కాబట్టే నా సంగతేమిటో నాకు తొందరగా తెలిసింది. లేకపోతే ఎన్నేళ్లు పాడుచేసుకునేవాణ్నో."

ఎత్తిపొడుపుగా అని ఉంటే మాస్టారు తట్టుకునేవారేమో. వాడు మనసారా అన్నాడు, మేలు చేశారన్నట్టు అన్నాడు. ఆయన కలుపుకున్న ముద్ద కంచంలోనే వదిలేశారు. మంచినీళ్లు తాగి లేచిపోయారు.

చేతులు కడుక్కుని, చెప్పేద్దామనే కొడుకు గదిదాకా వెళ్లారు. కొడుకు ఎవరివో కళ్లజోళ్లు ముందేసుకుని చిన్న స్క్రూలు బిగిస్తున్నాడు.

"ఏంటి నాన్నా?"

"ఏం లేదురా. నా కళ్లజోడు వదులైనట్టుంది."

కొడుకు అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, అద్దాలు శుభ్రంగా తుడిచి ఇచ్చాడు. "బాగానే ఉంది కదా."

"ఓహో" అని మాస్టారు తిరిగొచ్చేశారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, కన్నకొడుక్కి ఒక్క నిజం చెప్పలేక నెపం కళ్లజోడు మీద పెట్టి వచ్చేశాడు. తనమీద తనకే ఏవగింపు పుట్టింది. పోనీ రేపు దీని పాటకైనా అడ్డుపడకుండా లేచేద్దాం అనుకున్నారు. కనీసం దీని బతుకైనా నాశనం చెయ్యకుండా ఉంటే చాలు.

ఆదివారం పదింటికి హాల్లో అందరూ కూర్చున్నారు. మనవరాలు వైర్లు తగిలించింది, గొంతు సవరించుకుంది, తాతయ్య పాదాల కేసి ఒకసారి చూసి మొదలుపెట్టింది.

అబ్బో, ఏం చప్పుడు! కిటికీ అద్దాలు గలగలలాడాయి. కోడలు చెవులు మూసుకుంది. కానీ ఆ చప్పుడు అడుగున పాటొకటి ఉంది, సన్నగా, వదలకుండా. మాస్టారి వీపంతా జలదరించింది. లేస్తున్నాను, లేవనీ, అనుకున్నారు. సరిగ్గా అప్పుడే కొడుకు మొహం కంటపడింది. వాడు గోడకి ఆనుకుని తండ్రి పాదాల్నే చూస్తున్నాడు, పరీక్ష రాసింది తనే అన్నట్టు. ఆయన వద్దనుకుంటూనే ఉన్నారు, పాదాలు మాత్రం ఇరవై రెండేళ్ల అలవాటు కొద్దీ వెనక్కి ముడుచుకుని కుర్చీ కాళ్లకి మెలిపడ్డాయి.

అయితే అది టేకు కుర్చీ కాదు కదా. ప్లాస్టిక్‌ది. మాస్టారు లేచారు, కుర్చీ కూడా లేచింది. నేలకి మూడడుగుల ఎత్తున, కుర్చీతో సహా, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ఆయన గాల్లో ఊగుతున్నారు.

"తాతయ్యా!" మనవరాలు వాయిస్తూనే కేక పెట్టింది. "కుర్చీ కూడానా! అమ్మా, చూడవే, కుర్చీ కూడా!"

కోడలు పకపకా నవ్వింది. కొడుకూ నవ్వబోయాడు. కానీ అద్దాలతో పనిచేసేవాడు, వెంట్రుకంత గీత కూడా వాడి కన్ను దాటిపోదు. వంగి, కుర్చీ కాళ్లకి చుట్టుకున్న రెండు పాదాల్నీ చూశాడు. అలాగే చూస్తూ ఉండిపోయాడు. మనవరాలు చెయ్యి ఆపేసింది. పాట ఆగేసరికి మాస్టారు కుర్చీతో పాటు టక్కున నేలమీద దిగారు.

"పాదాలెందుకు మెలేశారు నాన్నా?"

"పడిపోతానేమోనని..."

"రోజూ పొద్దున్న లేస్తారుగా. ఎప్పుడైనా పడ్డారా?"

మాస్టారు కుర్చీ కాళ్లనించి పాదాలు విడదీసుకున్నారు. చెవులు కాలిపోతున్నాయి. నేల చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది.

"ఆ రోజు కూడానా?" అడిగాడు కొడుకు.

"ఆ రోజూ అంతే" అన్నారు మాస్టారు. "తప్పు చేశానురా. నీ పాట బాగోలేక కాదు. నాకు ఓర్చుకోబుద్ధి కాలేదు. నేను పదకొండు కట్టాను, నువ్వు ఒక్కటే కట్టావు. కన్నతండ్రినై ఉండి నీమీద ఏడ్చాను."

కోడలి నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. మనవరాలు గిటార్‌ని ఒళ్లోకి లాక్కుని బిగుసుకుపోయి కూర్చుంది. కొడుకు అరుస్తాడనుకున్నారు మాస్టారు, చెయ్యి విసురుతాడనుకున్నారు. తిట్టినా బాగుండేది. వాడు ఒకే ఒక్క మాట అడిగాడు.

"ఎంత లేచేవారు నాన్నా? వదిలేసి ఉంటే?"

మాస్టారికి ఏడుపొచ్చేసింది. "తెలీదురా. చాలా లేచేవాణ్ని. అందుకే భయపడ్డాను."

"నాకిప్పుడా పాట గుర్తు కూడా లేదు."

"నాకుంది" అన్నారు మాస్టారు.

ఉండకేం. ఇరవై రెండేళ్లు అణిచిపెట్టుకున్న పాట ఎక్కడికి పోతుంది? ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు, కుర్చీని కాలితో దూరంగా తోసేశారు. గొంతు సవరించుకుని ఎత్తుకున్నారు. వయొలిన్ నేర్పిన మనిషి, గొంతు బొంగురు, పైగా ఊరంతా వినేలా గులకరాళ్ల పాట అని తానే తిట్టిన తరహా పాట. కుర్రాడి మాటలు ఆ ముసలి నోట్లో విచిత్రంగా ఉన్నాయి. సిగ్గుతో కళ్లు మూసుకుని పాడారు. పల్లవి దాటేసరికి కొడుకు వేళ్లు పక్కనున్న బల్ల మీద కదిలాయి. దరువు ఎక్కడ పడాలో వేళ్లకి గుర్తుంది. మనవరాలు ఆ దరువు పట్టుకుని తీగలు మీటింది.

మాస్టారు లేచారు. పాదాలు అలవాటుగా ఏదైనా దొరుకుతుందేమోనని గాల్లో వెతుక్కున్నాయి, ఏమీ దొరకలేదు. కోడలు పరుగెత్తి ఫ్యాను స్విచ్చి ఆపింది. ఆయన కోడలి తల దాటారు, తలుపు పైకమ్మీ దాటారు, నెత్తి పైకప్పుకి తగిలింది. ఇంటిల్లిపాదీ కింద నిలబడి చూస్తున్నారు. ఎంత లేచేవారో లెక్క తేలిపోయింది. చొక్కా అంచులు పైకి లేచి పొట్ట కనబడుతోంది, కళ్ల నీళ్లు కింద గచ్చు మీద పడుతున్నాయి, దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. చరణంలో ఒక లైను ఎగిరిపోయింది.

కొడుకు కాళ్లు నేలమీదే ఉన్నాయి. చెయ్యి చాపి, వేలాడుతున్న తండ్రి పాదాన్ని పట్టుకున్నాడు. కిందికి లాగుతాడేమో అనుకున్నారు మాస్టారు. లాగలేదు. రెండో చేత్తో బల్ల మీద దరువు వేస్తూనే ఉన్నాడు.

"చరణం తప్పారు నాన్నా" అన్నాడు. "మళ్లీ మొదట్నించీ పాడండి."

మాస్టారు పైకప్పు కింద తల వంచుకుని, పల్లవి మళ్లీ ఎత్తుకున్నారు.