చెంపకు తగిలిన ఊపిరి

ఆ రోజు ఇంట్లో సలోమి మేడమ్, ఆమె దగ్గర నేర్చుకుంటున్న నాగజ్యోతి, బేబీ రాణి, దీవెన, వంటగదిలో మేడమ్ వాళ్ల అత్తగారు, ముందుగదిలో మంచం మీద నేను ఉన్నాం. లెక్కపెట్టే వాళ్లెవరైనా నన్ను వదిలేసే లెక్కపెడతారు.

నేను ఒక రబ్బరు రోగిని. ఎక్కడో ఫ్యాక్టరీలో వీపు ఒక అచ్చులో, ముఖం ఒక అచ్చులో పోసి నన్ను అతికించారు. ఛాతీలో స్ప్రింగు పెట్టి, నోరు కొంచెం తెరిచి వదిలేశారు. మొదట ఒక నర్సింగ్ కాలేజీ కొంది. అక్కడి పిల్లలు నా చేతికి సూదులు గుచ్చి, ముక్కులో గొట్టాలు దూర్చి చదువుకున్నారు. కాలేజీ మూతపడ్డాక సలోమి మేడమ్ నన్ను కొని, ఆటోలో పక్కన కూర్చోబెట్టుకుని ఏలూరు తెచ్చింది. దారిలో ఆటో అతను అద్దంలో నన్ను చూసి, "పేషెంటుకి ఎలా ఉందమ్మా?" అన్నాడు.

"అలాగే ఉంది" అంది మేడమ్.

ఇక్కడ నా బతుకు మారింది. పరదేశంలో నర్సుగా చేరాలంటే ఆ దేశం వాళ్లు తయారుచేసిన పరీక్ష నెగ్గాలి. అందులో బొమ్మకైనా సరే నమస్కారం చెప్పాలి, పేరు అడగాలి, ముట్టుకోవచ్చా అని అడిగి జవాబు వచ్చేదాకా ఆగాలి. నా తరఫున జవాబు కర్టెన్ వెనక నుంచి మేడమ్ చెబుతుంది. బతికున్న రోగిని "అటు తిరుగు" అని కసిరే పిల్లలు కూడా నా ముందు ఒద్దికగా నిలబడతారు.

దీవెన ఐసీయూలో పనిచేసిన పిల్ల. పరీక్ష ఒకసారి తప్పింది. రెండోసారి ఎల్లుండే. ఇదీ తప్పితే అక్కడి ఆసుపత్రి ఇస్తానన్న ఉద్యోగం వేరేవాళ్లకి పోతుంది.

ఆ పూట నేర్చుకోవలసింది, పలకని రోగిని చూడటం. చెంప నా నోటి దగ్గర పెట్టి, ఊపిరి లేదని పైకి చెప్పి, ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.

దీవెన వంగి, లేచింది. "ఊపిరి ఉంది మేడమ్."

నాగజ్యోతి పకపకా నవ్వింది. "ఏంటక్కా, కాఫీ కూడా అడిగిందా?"

"ఫ్యాన్ గాలమ్మా అది" అని మేడమ్ ఫ్యాన్ ఆపింది.

దీవెన మళ్లీ వంగింది. "ఉంది మేడమ్. వెచ్చగా తగులుతోంది."

బేబీ రాణి కిటికీలు మూసింది. మూడోసారి దీవెన చాలాసేపు వంగే ఉంది. అదే మాట చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. నాగజ్యోతి తన చెంప పెట్టబోయి, మధ్యలోనే లేచి చున్నీ సర్దుకుంది.

"పోయినసారి పరీక్షలోనూ ఇదే చెప్పావా?" మేడమ్ మెల్లగా అడిగింది.

దీవెన తలూపింది. అక్కడ పడుకున్నది నాలాంటిదే ఇంకొకటి.

"చూడమ్మా, నీకు తగిలితే తగలనీ. నోటితో మాత్రం లేదని చెప్పు. మార్కు ఆ మాటకే."

"ఉన్న మనిషిని పట్టుకుని లేదని ఎలా చెప్పను మేడమ్?"

"అది మనిషి కాదు."

నిజానికి నాకు ఊపిరి ఉందో లేదో నాకే తెలియదు. అంతసేపు చెంప ఆనించి చూసినవాళ్లు లేరు.

దీవెన నా కళ్లలోకి చూసింది. "ఊపిరి లేదు" అంది.

నా మెడ కింద ఏదో ఆగింది. అంతవరకూ అది నడుస్తోందని ఆగాకే తెలిసింది. ఆమె ఛాతీ నొక్కింది, ఎంత లోతు నొక్కాలో అంతే. స్ప్రింగు పైకి లేచింది, మళ్లీ లేచింది, అంతకుమించి ఏమీ లేదు.

"ఎల్లుండి ఇలాగే చెయ్యి, పాసైపోతావు" అంది మేడమ్. అత్తగారు అన్నాలకి పిలిచింది.

అందరూ వెళ్లాక దీవెన మరోసారి చెంప పెట్టింది. లేచి, ట్రేలోంచి బ్యాండేజీ తీసి నా కాలి బొటనవేళ్లు రెండూ కలిపి కట్టింది, ఐసీయూలో పోయినవాళ్లని ఇంటివాళ్లకి అప్పగించే ముందు కట్టినట్టు. నా కళ్లు మూయబోతే రెప్పలు కదలలేదు. వాటిమీద తడిదూది పెట్టి, దుప్పటి తల మీదికి లాగింది.

లోపలి నుంచి నాగజ్యోతి గొంతు వినపడింది. "అక్కా, నీ కూర చల్లారిపోతోంది."

"వస్తున్నా" అని దీవెన తలుపు మూసింది.