నల్లబండ ఎటు పోతోంది?

దర్జీగారికి ఏడాదిలో యాభై ఒక్క వారాలు కొలతలు, మిగిలిన ఒక్క వారం కలతలు. ఆ కలతల వారమే సముద్రపు ఊళ్ళో సెలవు. ఇరవై ఆరేళ్ళుగా అదే ఊరు, అదే లాడ్జి, మేడ మీద అదే నాలుగో గది. "వేరే ఊళ్ళే లేనట్టు!" అని బంధువులు మూతి విరిస్తే, "నప్పిన చొక్కా ఉండగా కొత్తది ఎవడు కుట్టించుకుంటాడు?" అనేవారు, ఊరందరికీ కొత్త చొక్కాలు కుట్టి బతికే ఆ మనిషి.

సెలవుల్లో వాళ్ళావిడ షరతు ఒక్కటే. టేపు ముట్టకూడదు. మొదటి ఏడు ఆయన మెడలో టేపుతోనే దిగారు. దిగిన గంటకే లాడ్జి కర్టెన్లు రెండంగుళాలు పొట్టి అని తేల్చారు. పక్కగది పెద్దమనిషి వరండాలో కునుకు తీస్తుంటే భుజాలు కొలిచేశారు. ఆ పెద్దమనిషి కళ్ళు తెరిచి, మెడ మీద టేపు చూసి, పెట్టిన కేక అవతలి వీధికి వినిపించింది. ఆ పూటే టేపు ఆవిడ చేతిసంచిలోకి పోయింది.

టేపు లేని దర్జీ అంటే కొరకడానికి ఏమీ దొరకని ఎలుక. ఏదో ఒకటి కొలవకపోతే ఆయనకు తిన్నది అరగదు. అందుకని లాడ్జి గడప నుంచి నీళ్ళంచున ఉన్న నల్లబండ దాకా అంగలేసి లెక్కపెట్టారు. సరిగ్గా మూడు వందలు. "అంగీలు కుట్టే చేతికి పని లేదని అంగలు మొదలెట్టారా?" అని ఆవిడ నవ్వింది. ఆయన ఆ లెక్కను గదిలో బీరువా తలుపు లోపలివైపు సుద్దతో రాసుకున్నారు. పైన "నల్లబండ" అని శీర్షిక, కింద 300.

చిక్కు రెండో ఏడు మొదలైంది. మూడు వందల రెండు. లెక్క తప్పానేమో అనుకున్నారు. పదో ఏడు మూడు వందల పంతొమ్మిది. ఇరవయ్యో ఏడు మూడు వందల నలభై ఒకటి. ఈ ఏడు, నిన్న పొద్దున్న, మూడు వందల యాభై నాలుగు!

గుడ్డ తడిస్తే కుంచించుకుపోతుంది. ఈ ఇసుక తడిసిన కొద్దీ సాగుతోందేమిటి? ఏడాది పొడవునా మిషను తొక్కుతూ ఆయన ఇదే ఆలోచించేవారు. బండకు కాళ్ళు రావు కదా. దాని వేళ్ళు భూమి అడుగున ఉన్నాయి. అది జరగనప్పుడు జరిగేది లాడ్జే అయి ఉండాలి! కింద అంతా ఇసుకాయె. ఏటా రెండంగలు వెనక్కి జారుతోందన్నమాట.

ఈ ముక్క నిన్న లాడ్జి నడిపే పెద్దమ్మతో అనేశారు. ఆవిడకు అప్పటికే సముద్రం వైపు వరండా నేలలో వెంట్రుకవాసి పగులు కనిపించి గుండెలో దడ.

"అమ్మ బాబోయ్! ముప్పై ఏళ్ళు సూదిదారంతో బతికినవాడివి, నీ కొలత తప్పుతుందా! ఇల్లు జారుతుంటే ఈ వరండా బరువు కూడానా?" అని తాపీమేస్త్రికి కబురంపింది. రేపు పొద్దున్నే వరండా కొట్టించేయాలని నిర్ణయం.

దర్జీగారు వరండా వైపు తిరిగి చూశారు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన పొద్దుటి టీ తాగింది ఆ వరండాలోనే. వాళ్ళావిడ తల ఆరబెట్టుకున్నదీ అక్కడే. అదే లేకపోతే ఈ ఊరు చేతులు లేని చొక్కా. కానీ కొలత కొలతే. ఆయన కుట్టిన బట్ట ఇంతవరకు ఒక్కటీ వాపసు రాలేదు మరి.

ఇవాళ మధ్యాహ్నం మేస్త్రి వచ్చాడు. ముప్పై ఆరేళ్ళ మనిషి. దర్జీగారు అలవాటుగా కళ్ళతోనే కొలిచారు. కాలు పొడవు నలభై ఒక్క అంగుళాలు. తనదీ అంతే.

"ఇల్లు పడడం చూశాను గానీ, నడవడం ఎక్కడా చూళ్ళేదండీ" అన్నాడు మేస్త్రి, గీత గీయడానికి తెచ్చిన తాడు కింద పెడుతూ.

"నమ్మకపోతే నువ్వే లెక్కపెట్టుకో. మూడు వందల యాభై నాలుగు."

మేస్త్రి నడిచి వెళ్ళి, వచ్చి, "మూడు వందలండీ" అన్నాడు.

"సరిగ్గా చూశావా?"

మళ్ళీ వెళ్ళొచ్చాడు. "మూడు వందల ఒకటి. ఒకటి మీ మాట మీద గౌరవంతో వేశా."

"లెక్కలు రాని మేస్త్రి గోడ ఎలా కడతావయ్యా? పద, ఇద్దరం కలిసే నడుద్దాం!"

ఇద్దరూ గడప దగ్గర పక్కపక్కనే బయల్దేరారు. వెనకాల వాళ్ళావిడ కూడా చేతిసంచితో కదిలింది. దర్జీగారు వేళ్ళు మడుస్తూ, పెదాలు కదుపుతూ, తల ఎత్తకుండా నడిచారు. రెండు వందల తొంభై తొమ్మిది, మూడు వందలు... తలెత్తి చూస్తే మేస్త్రి బండ మీద కూర్చుని చెప్పులోంచి ఇసుక దులుపుకుంటున్నాడు. తనకింకా యాభై నాలుగు అంగల దూరం ఉంది.

దర్జీగారు ఉన్నచోటే ఆగిపోయారు. వెనక్కి తిరిగి తడి ఇసుకను చూశారు. రెండు వరుసల పాదముద్రలు. ఒకటి వదులుగా వేసిన పెద్ద కుట్టు. ఇంకొకటి దగ్గర దగ్గరగా వేసిన చిన్న కుట్టు. చిన్న కుట్టు తనది.

"టేపు..." అన్నారు, చెయ్యి చాచి.

ఆవిడ సంచిలోంచి తీసి చేతిలో పెట్టింది. మేస్త్రి అంగ ఇరవై ఆరు అంగుళాలు. తన అంగ ఇరవై రెండు. ఆయన ఇసుకలోనే వేలితో హెచ్చవేసి చూశారు. రెండు లెక్కలూ కలిసేది ఆ బండ దగ్గరే.

"నీకు తెలుసా?"

"పదిహేనేళ్ళుగా తెలుసు."

"చెప్పొచ్చు కదే!"

"చెబితే లెక్కపెట్టడం మానేస్తారు. లెక్క మానేస్తే రావడం మానేస్తారు" అంది ఆవిడ. "అయినా నాకేం కష్టం? మొదటి ఏడు మీ వెనకాల కుక్క తరిమినట్టు పరిగెత్తేదాన్ని. ఇప్పుడు హాయిగా పక్కన నడుస్తున్నా. ఆ బండ ఇంకో యాభై అంగలు జరిగినా నాకు సమ్మతమే."

లాడ్జి వరండాలో పెద్దమ్మ నడుం మీద చెయ్యేసుకుని ఎదురుచూస్తోంది. దర్జీగారికి తిరుగుదారి ఎప్పుడూ ఇంత దగ్గర అనిపించలేదు. వాపసు వచ్చిన మొదటి బట్ట తన వయసే అని ఒప్పుకోవాలి, అదీ ఒక కుర్ర మేస్త్రి ముందు.

"ఏం తేలింది టైలరుబాబూ? ఇల్లెంత జారింది?"

"జారలేదు పెద్దమ్మా."

"అయితే బండా?"

"అదీ కాదు. జరిగింది నేను. నా కొలతే తప్పు. వరండా ముట్టుకోనివ్వకు."

పెద్దమ్మ ఆయన్ని తల నుంచి కాళ్ళ దాకా చూసి, "ఓస్, ఇంతేనా! మా మెట్లు ఏటా ఒకటి పెరుగుతున్నాయని నేనూ అనుకుంటున్నా" అంది. మేస్త్రి వంగి పగులు తడిమి, ఇది ఉప్పుగాలి పని, గుప్పెడు సిమెంటు చాలన్నాడు.

గదికి వెళ్ళి దర్జీగారు బీరువా తలుపు తెరిచారు. ఇరవై ఆరు అంకెలు బారుగా. "నల్లబండ" అన్న శీర్షికను బొటనవేలితో తుడిచి, "నేను" అని రాశారు. కాసేపు చూసి, పక్కన ఇంకో గీత గీసి, పైన "మా ఆవిడ" అని రాశారు. కింద ఖాళీ. ఇన్నేళ్ళలో ఆవిడవి ఒక్కసారైనా లెక్కపెట్టలేదు!

"ఏమోయ్, ఇంకోసారి బండ దాకా వెళ్ళొద్దామా?"

"ఇప్పుడేగా వచ్చాం!"

"ఈసారి నీ అంగలు లెక్కపెడతా."

ఆవిడ చెప్పులు వేసుకుంటూ అంది: "పెట్టుకోండి. కానీ పైకి అనకండి, నేను సిగ్గుపడితే తడబడతాను."