నీటిగీత కింది చేప

కిరసనాయిలు స్టవ్వు మీద మైదా జిగురు చిక్కబడుతోంది. అబ్దుల్ రవూఫ్ ముక్కాలిపీట మీద కూర్చుని చెక్కగరిటె తిప్పుతున్నాడు. కుడిచేతి బొటనవేలి గోరు ఎప్పుడో సుత్తిదెబ్బకి చీలింది, అప్పట్నుంచీ రెండు ముక్కలుగానే పెరుగుతోంది. ఆ చీలికలో ఇరుక్కున్న చెక్కపాలిష్ ఇక ఈ జన్మకి పోదు. జిగురు దించి, రేకుడబ్బా మూత తీసి, చిటికెడు మైలుతుత్తం పొడి వేసి కలిపాడు. ఆ నీలం విషం పడకపోతే పటం వెనక అట్టకి పురుగు పడుతుంది. పటాలు కట్టే ప్రతివాడికీ తెలిసిన సంగతే ఇది.

ఆ పొడిని తొమ్మిదేళ్లుగా ఒకే ఒక్క మనిషి పటాలకి రవూఫ్ వేయడం లేదు. ఆ ఒక్కడి కోసం వేరే గిన్నెలో వేరే జిగురు కాస్తాడు. అందులో చిన్న బెల్లం ముక్క కూడా వేస్తాడు, పురుగులకి మర్యాద తక్కువ కాకుండా.

షాపు పటమటలో ఉంది, బందరు రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందులో. భర్త పోయాక సంపూర్ణమ్మ నడుపుతోంది. వెంకటేశ్వరస్వాములు, యేసుప్రభువులు, మక్కా పటాలు, పెళ్లి ఫోటోలు, పోయినవాళ్ల ఫోటోలు, అన్నీ అక్కడికే వస్తాయి. పదమూడేళ్లుగా రవూఫ్ అందరికీ ఒకే శ్రద్ధతో చెక్క కోసి, మూలలు కలిపి, అద్దం బిగించి పంపుతున్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టిగా, కాస్త ముందుకి వంగి, గడ్డంలో ఎప్పుడూ రంపపు పొట్టుతో ఉంటాడు. సందులో నలుగురిని ఆపి ఆయన పేరేమిటని అడిగితే ముగ్గురు చెప్పలేరు.

మూడు రోజులుగా ఎడమ భుజం కింద ఎవరో వేలు పెట్టి నొక్కుతున్నట్టుంది. డాక్టరు దగ్గరికి పోదామని భార్య దిల్షాద్ బేగం పొద్దున కూడా అన్నది. "జుమ్మా నమాజు కానీయవే, పోదాం" అని టిఫిన్ క్యారియర్ అందుకుని వచ్చేశాడు.

పదిన్నరకి షాపు ముందు కారు ఆగింది. మాణిక్యం గారు దిగారు. కాలవ గట్లకి సిమెంటు పూత వేయించే కాంట్రాక్టరు. తెల్ల సఫారీ, మెడ దగ్గర పౌడరు, పక్కనే నిలబడితే తుమ్ములు తెప్పించే సెంటు. బెంజ్ సర్కిల్ దగ్గర ఆయన మేడలో హాలు నిండా ఓడల బొమ్మలే. మద్రాసులో, కలకత్తాలో పాత సామాన్ల కొట్లన్నీ గాలించి తెచ్చిన ఇంగ్లీషు ప్రింట్లు. తెరచాపల ఓడలు, తుపాన్లో విరిగిన కొయ్యలు, లైట్‌హౌసులు. మనిషికి మాత్రం నీళ్లంటే భయం. భవానీ ద్వీపానికి లాంచీ ఎక్కితే దిగేదాకా కళ్లు తెరవరని ఆయన డ్రైవరే చెప్పాడు. ఆ ప్రింట్లన్నిటికీ ఫ్రేములు కట్టింది రవూఫే. గాలి ఒకవైపు నుంచి కొడుతుంటే జెండా ఇంకోవైపు ఎగురుతున్న బొమ్మలు వాటిలో రెండున్నాయి. ఆ మాట మాణిక్యం గారికి ఎన్నడూ చెప్పలేదు.

డ్రైవరు దుప్పట్లో చుట్టిన పటాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఏం రవూఫూ, కులాసానా? దీనికేదో రోగమొచ్చింది చూడు."

దుప్పటి తీశాడు. రవూఫ్ చెయ్యి బల్ల అంచు పట్టుకుంది.

బందరు దగ్గర గిలకలదిండిలో, సముద్రంలో కలిసే మొగలోంచి లోపలికి వస్తున్న పడవ. పొద్దువాలే వేళ. ఎర్రటి అంచు, పచ్చటి పక్కలు, ముక్కు దగ్గర పసుపు చుక్క. తొమ్మిదేళ్ల కిందట ఈ బల్ల మీదే రాత్రి పగలు చూడకుండా రవూఫ్ వేసిన బొమ్మ. కింద కుడిపక్క నల్లటి ఎనామిల్ అక్షరాలతో 'మాణిక్యం' అని సంతకం, దాని కింద పొడుగాటి గీత.

ఆ కథ పెద్దదేం కాదు. రవూఫ్ వాళ్లది బందరు. తండ్రి కరిముల్లా గిలకలదిండిలో పడవలకి రంగులేసేవాడు, ఆయన వెనకే కొడుకు. ఫైబరు పడవలు వచ్చాక పని సగమైంది, రవూఫ్ బెజవాడ వచ్చి పటాలు కట్టడంలో పడ్డాడు. చేతులు ఊరుకోక ఈ బొమ్మ వేశాడు. మాణిక్యం గారు చూసి, పది రోజులు నా గోడ మీద పెట్టుకుంటానని తీసుకెళ్లారు. రెండు నెలలకి ఆ బొమ్మ అచ్చయి కట్టలు కట్టలుగా ఇదే షాపుకి వచ్చింది, ఫ్రేములు కట్టమని. హైదరాబాదులో ఏదో ప్రదర్శనలో బహుమతి కూడా వచ్చిందట. 'సముద్ర చిత్రకారుడు' అని శాలువా కప్పారట. తన బొమ్మ కింద ఇంకొకడి పేరు పెట్టుకుని రవూఫ్ నూట నలభై ఫ్రేములు కట్టాడు.

ఒక్కసారి మాత్రం అడిగాడు. "సార్, అది నేనేసింది కదండీ."

మాణిక్యం గారు నవ్వారు. కోపమైనా పడి ఉంటే బాగుండేది. "పడవకి రంగేసినవాడు పడవ నాదంటాడా రవూఫూ?" అన్నారు.

ఆ మాట అప్పట్నుంచీ రవూఫ్ గొంతులో ముల్లులా ఉండిపోయింది. అన్నం తింటున్నా అక్కడే, నమాజులో వంగినా అక్కడే. క్షమించమని మౌల్వీ సాహెబు చాలాసార్లు చెప్పాడు. రవూఫ్ తలవంచుకుని విని, ఇంటికి వెళ్లే దారిలో బెల్లం కొనుక్కున్నాడు. అసలు బొమ్మకి అద్దం బిగించే పని కూడా అప్పుడు తనకే వచ్చింది. అప్పుడే మొదటిసారి మైలుతుత్తం డబ్బా మూత తీయకుండా పక్కన పెట్టాడు. ఎవరి మీదా చెయ్యెత్తని మనిషి పగ అంతకంటే గట్టిగా ఉండదు. అది పురుగంత మెల్లగా నడిచింది, కానీ ఆగలేదు.

ఇప్పుడు బల్ల మీదున్న పటంలో సముద్రం అక్కడక్కడా ఊడిపోయింది. పడవ చెక్కుచెదరలేదు. దాని కింది నీళ్లు మాత్రం మచ్చలు మచ్చలుగా పోయాయి.

"రేపో ఎల్లుండో అయితే ఇంకెవరికైనా ఇచ్చేవాణ్ణి" అన్నారు మాణిక్యం గారు. "ఇయ్యాల సాయంత్రం ఆరింటికే ఫంక్షను. గిలకలదిండిలో బోట్ల ఓనర్ల సంఘం వాళ్లు కొత్త హాలు కట్టారు. దీన్ని వాళ్లకి బహూకరిస్తన్నా. సన్మానం కూడా ఉంది. ఆ నీళ్లు కాస్త కలిపి పుయ్యి. ఇదుగో, ఇక్కడేదో మరక కూడా పడింది, అది కప్పెయ్యి."

ఆయన వేలు పెట్టి చూపించింది పడవ అడుగున, నీళ్లు ఊడిన చోట. అక్కడ ఒక చిన్న చేప తోక బయటపడి ఉంది.

"చూశానండీ" అన్నాడు రవూఫ్.

"పని కాగానే రంగుకాగితం చుట్టి రిబ్బను కట్టు. వాళ్ల ప్రెసిడెంటు స్టేజి మీదే కత్తిరిస్తాడు. మూడింటికి వస్తా. ఫ్రేము కట్టింది నువ్వేనని మైకులో నీ పేరు కూడా చెబుతాలే."

"అంత మాటెందుకులెండి సార్."

కారు వెళ్లిపోయింది. రవూఫ్ పటం తిప్పి వెనక మేకులు పీకాడు. అట్ట ఎత్తగానే వెండిరంగు పురుగులు నాలుగు జరజరా పారిపోయాయి. వాటిని చంపలేదు.

ఆ తోక మరక కాదని మాణిక్యం గారికి తెలిసే దారి లేదు. ఒడ్డుకి లాగిన పడవని ఆయన ఎన్నడూ చూడలేదు మరి. పడవకి రంగేసినవాడు పైన ఎక్కడా పేరు రాసుకోడు, పైన ఉండేది ఓనరు పేరు, దేవుడి పేరు. పనివాడి గుర్తు నీటిగీత కింద, నీళ్లలో మునిగే చోట ఉంటుంది. ఉలితో సన్నగా గాటు పెట్టి రంగు నింపుతారు. ఏడాదికోసారి అడుగు గీకడానికి పడవని ఒడ్డెక్కించినప్పుడే అది కనబడుతుంది. కరిముల్లా ఇంటి గుర్తు చేప, రెండు కళ్లూ ఒకే పక్కన ఉన్న చేప. గిలకలదిండిలో పాత చెక్కబోట్లలో సగానికి అడుగున ఆ చేపే ఉంది. ఓనర్లు ఏటా దాని చుట్టూ నాచు గీకిస్తారు.

సముద్రం ఊడటానికీ కారణం ఉంది. కొత్త పడవ కట్టించేవాళ్లకి చూపించడానికి కరిముల్లా దగ్గర నమూనా పలకలుండేవి. పడవని ఎనామిల్ రంగుతో వేసి, నీళ్లని మాత్రం చింతగింజల గంజిలో కలిపిన పొడిరంగుతో వేసేవాడు. ఓనరు పై రంగులు ఎంచుకున్నాక తడిగుడ్డతో నీళ్లు తుడిచేసి, ఇదీ అడుగు అని చూపించేవాడు. రవూఫ్‌కి బొమ్మ అంటే అదొక్కటే పద్ధతి తెలుసు. అలవాటుగా అడుగు కూడా పూర్తిగా వేసి, గుర్తు పెట్టి, దాని మీదే సముద్రం పోశాడు. పురుగులకి గంజి రుచించింది, ఎనామిల్ రుచించలేదు.

బేసిన్లో గోరువెచ్చని నీళ్లు పట్టుకున్నాడు. నీలం, ఆకుపచ్చ, తెలుపు పొళ్లు కూడా తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. చింతగింజల గంజి కాచాడు. సముద్రాన్ని మళ్లీ వేయాలంటే రెండు గంటల పని. చేతికి వచ్చిన పని, తప్పుపోదు. చాలాసేపు బ్రష్షు పట్టుకుని కూర్చున్నాడు.

మసీదులో బాంగు వినబడింది. ఇరవై ఏళ్లలో ఒక్క జుమ్మా కూడా తప్పలేదు. లేవబోయాడు. పటంలో పడవ కనబడింది. మూడింటికి ఆయన వస్తాడు, ఆరింటికి మైకులో చెబుతాడు, ఫ్రేము కట్టింది రవూఫూ అని. బతికినన్నాళ్లూ ఫ్రేము కట్టిందే. "మాఫ్ చేయి మాలిక్" అని పెదాల్లోనే అనుకుని బ్రష్షు పక్కన పెట్టి, దూది ముంచాడు.

సముద్రం తేలిగ్గా వచ్చింది. దూది పెట్టి నెమ్మదిగా రాస్తుంటే నీలం కరిగి బేసిన్లోకి కారుతోంది. పడవ పొట్ట బయటపడింది. తారు పూసిన అడుగు, దాని మీద ఎర్రగీత, వెన్నుదూలం. తర్వాత చేప. మొదట తోక, తర్వాత రెక్కలు, చివరికి ఒకే పక్కన రెండు కళ్లు. తొమ్మిదేళ్లు నీళ్లలో ఉండి కూడా రంగు వాడలేదు.

కుడి మూల దగ్గరికి వచ్చాడు. సంతకం కూడా నీళ్ల మీదే పెట్టారు మాణిక్యం గారు. కింద గంజి కరగగానే నల్ల అక్షరాలు పొరలా లేచి, విడివిడిగా ఊడి బేసిన్లో పడ్డాయి. రవూఫ్‌కి నవ్వొచ్చింది. ఇంత సంతోషం తనకి పెళ్లినాడు కూడా కలగలేదు. అది పాపమని తెలుసు, అయినా సంతోషంగానే ఉంది.

అన్నం తిని వచ్చిన సంపూర్ణమ్మ బల్ల దగ్గర ఆగిపోయింది.

"సముద్రమేది సాయిబు గారూ?"

"తీసేశానమ్మా."

ఆవిడ పటం వంక చూసింది, బేసిన్ వంక చూసింది. ఆ బొమ్మ ఎవరిదో ఆవిడకి మొదట్నుంచీ తెలుసు. ఇన్నాళ్లూ నోరెత్తకపోవడం వ్యాపారమనుకుంది.

"ఆయన ఊరుకుంటాడా?"

"స్టేజి మీద విప్పేదాకా ఆయనకి తెలవదమ్మా. విప్పాక అక్కడున్నోళ్లందరికీ తెలుస్తది. ఆ చేప వాళ్లందరి పడవలకీ ఉంది. కరిముల్లాది అని ముసలోళ్లంటారు, ఆయన కొడుకుది అని కుర్రోళ్లంటారు. నన్ను పన్లోంచి తీసేస్తే తీసెయ్యండి."

సంపూర్ణమ్మ లోపలికి వెళ్లి ఎర్ర రిబ్బను చుట్ట తెచ్చి, కత్తెరతో కొలతకి కత్తిరించి ఇచ్చింది.

అద్దం తుడిచి, అట్ట పెట్టి, మేకులు కొట్టాడు. ఈసారి జిగురులో మైలుతుత్తం వేశాడు, ఎప్పటికంటే కాస్త ఎక్కువే. ఇక దీనికి పురుగు పట్టకూడదు. బంగారురంగు కాగితం నాలుగు మూలలా మడిచి, రిబ్బను పువ్వులా కట్టి, పటాన్ని గోడకి ఆనించాడు. తర్వాత ముక్కాలిపీట మీద కూర్చుని, ఫ్రేము చెక్కల దొంతరకి వీపు ఆనించుకుని, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. టిఫిన్ క్యారియర్ ఇంకా తెరవలేదు.

రెండున్నరకి సంపూర్ణమ్మ టీ తెచ్చి పిలిచింది. రెండోసారి పిలిచింది. పక్క మందుల షాపాయన వచ్చి మణికట్టు పట్టుకుని చూసి, తల అడ్డంగా ఊపాడు. దిల్షాద్ బేగంకి కబురు చేయడానికి ఆయనే స్కూటరు తీశాడు.

ఆవిడ రాకముందే మాణిక్యం గారు వచ్చారు. పట్టుపంచెలో ఉన్నారు.

"అయ్యయ్యో, పొద్దున బానే ఉన్నాడే" అన్నారు గడపలోనే నిలబడి. చేతి గడియారం చూసుకున్నారు. "ప్యాకింగ్ అయిపోయిందా అమ్మా?"

"అయిందండీ."

"నీళ్లు బాగా కలిపాడా?"

సంపూర్ణమ్మ ఆయన మొహంలోకి చూసింది. "చాలా శుభ్రంగా చేశాడండీ."

పటం గోడవారన, రవూఫ్ కాళ్లకి అవతల ఉంది. మాణిక్యం గారు పంచె కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, ఆ కాళ్లు దాటి, పటం అందుకుని, మళ్లీ దాటి బయటికి వచ్చారు. రిబ్బను నలగకుండా వెనక సీటులో తనే పెట్టుకున్నారు. కారు బందరు రోడ్డెక్కింది.

దిల్షాద్ బేగం ఏడవకుండా భర్త గడ్డంలోని రంపపు పొట్టు ఏరుతూ చాలాసేపు కూర్చుంది. బంధువులు ఆయన్ని ఆటోలో ఇంటికి తీసుకెళ్లేసరికి అయిదు దాటింది. సంపూర్ణమ్మ సగం షట్టరు దించి, లైటు వేసి, మేకులు ఏరి డబ్బాలో పోసింది. గోడగడియారం ఆరు చూపిస్తోంది. గిలకలదిండిలో ఈపాటికి ప్రెసిడెంటు చేతికి కత్తెర ఇచ్చి ఉంటారు.

బేసిన్ ఎత్తి పారబోయబోయి ఆవిడ ఆగింది. నీలినీళ్లు కదలకుండా ఉన్నాయి, వాటి మీద మాణిక్యం గారి సంతకం కింది పొడుగాటి నల్లగీత ఒక్కటీ తేలుతోంది.